మనం చూసిన యజమాని దొర ఒక్కడే

(స్వయం ఉపాధి యూనిట్లు పెట్టుకున్న, పెట్టుకోబోతున్న దళిత యువతీయువకుల శిక్షణ తరగతిలో ఒక సంఘం కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం. ఆయన టెంట్‌హౌస్ నడుపుతారు. మాట్లాడిన తీరు చెడకుండా అచ్చు వేస్తున్నాం.)



నాకిచ్చిన అంశం 'చిన్న వ్యాపారం - నాయకత్వం' అని కాగితం మీద రాసిండ్రు. పొద్దున బ్యాంకు సారు వచ్చి మిత్తి గురించి, సబ్సిడీ గురించి చెప్పిండు. మంచిగనే చెప్పిండు, నేను గూడ రాసుకున్న. నేను చెప్పబోయేది మాత్రం బ్యాంకు కాగితాల్లో దొరకదు. 2009 నుంచి నేను టెంట్‌హౌస్ నడుపుతున్న. ఇండ్ల రెండుసార్లు మునిగిన. ఒకసారి కరోనా ముంచింది. ఇంకోసారి నన్ను నేనే ముంచుకున్న. ఇయ్యాల ఎక్కువ చెప్పేది ఆ రెండోదాని గురించే.

ఇందాక ఒక ప్రశ్న అడిగిన. మీ తండ్రులల్ల, తాతలల్ల ఎవరైనా దుకాణం నడిపినోళ్లున్నరా అని. ఇంతమందిల రెండు చేతులు లేసినయి. ఒకాయన తాత చెప్పులు కుట్టి సంతకు పోయెటోడట, ఇంకో అక్క తల్లి గాజుల గంప పట్టిందట. మిగతా అందరం కూలోళ్ల బిడ్డలం, జీతగాళ్ల బిడ్డలం. షావుకారు ఇంట్ల పుట్టిన పిల్లగాడు బడి నుంచి రాంగనే గల్లమీద కూసుంటడు. ఉద్దెర ఎవనికియ్యాలె, ఎవనికియ్యొద్దు, నష్టం వచ్చిన దినం మొఖం ఎట్ల పెట్టాలె అన్నీ చూసుకుంట పెరుగుతడు. వానికి ఏ శిక్షణ తరగతీ అక్కర్లేదు. మనం ఏం చూసినం? పని చేసుడు చూసినం. పని చేయించుకునేటోన్ని ఒక్కన్నే చూసినం. వాడు దొర.

ఇది నవ్వుకునే మాట కాదు. మనిషి తను చూసిందే చేస్తడు. మనం యజమానులం అయిన దినం, ఆ కుర్చీల ఎట్ల కూసోవాలె అని వెతుక్కుంటే మన మనసుల ఉన్న బొమ్మ దొరదే. నా సంగతి అట్లనే అయింది.

మా బాపు దొర దగ్గర జీతం ఉన్నడు. వెట్టి పనిని, అప్పు కింద మనిషిని కట్టేసుకునే పద్ధతిని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చింది. మా ఊరికి ఆ చట్టం నడుచుకుంట రావడానికి ఇంకా చాలా ఏండ్లు పట్టింది. దొర ఎట్ల ఉండెటోడో మీకు చెప్పే పనిలేదు. పేరు పెట్టి పిలవడు, 'అరేయ్' అంటడు. లెక్క చెప్పడు. సాలు ఎల్లినంక 'నీ బాకీ ఇంకా ఇంత ఉన్నది' అంటడు. ఏం రాసిండో మా బాపుకు తెల్వది, అడిగితే తప్పు. ఇల్లు ఖర్చు, పొలం ఖర్చు, కొడుకు పెండ్లి ఖర్చు అన్నీ ఒకటే పెట్టెల నుంచి తీస్తడు. తరిగినప్పుడు జీతగాని కూలిల కోస్తడు. పదిమంది ముందర తిడితేనే తను పెద్దోడైనట్టు. నేను చిన్నప్పుడు దొరను అసహ్యించుకున్న, నిజమే. కాని అసహ్యించుకుంటనే అవన్నీ నేర్చుకున్న అని నాకు తర్వాత గాని తెల్వలే.

2009లో నాకు లోన్ శాంక్షన్ అయింది. ఇప్పిస్తనని మధ్యల ఒకడు తిన్నది పోంగ మిగిలినదాంతోని రెండు షామియానాలు, ఇనుప పైపులు, పరదాలు, 200 కుర్చీలు, వంట గంజులు, బగోనలు, గరిటెలు కొన్న. మండల కేంద్రంల రోడ్డు మీద ఒక మడిగె కిరాయికి తీసుకున్న. బోర్డు మీద ఏం పేరు రాయాలె? ఇక్కడనే నా మొదటి తప్పు మొదలైంది. బాబాసాహెబ్ పేరు రాస్తే గిరాకీ రాదని భయపడ్డ. ఒక దేవుని పేరు రాయించిన. గల్లమీద వేరే కులం దోస్తును కూసోబెట్టిన, వాటా ఇస్తనని. సామాను నాది, అప్పు నాది, మోసేది నేను. మొఖం మాత్రం వానిది. ఏడాదిన్నర తిరిగెటాలకు వాడు వసూలు చేసిన పైసలల్ల సగం దుకాణానికి రాలే. అడిగితే 'నేను లేకుంటే నీ గంజులు ఎవడు తీసుకపోతడు?' అన్నడు. దాచుకున్న మనిషి మీద ఎవడైనా సవారి చేస్తడు. కులం దాచి చేసే వ్యాపారంల దాపరికానికి గూడ కిరాయి కట్టాలె. అది నేను కట్టిన.

అయితే వాడన్న మాటల అబద్ధం లేదు. దోస్తును తీసేసి నేను గల్లమీద కూసున్నంక గంజులు, బగోనలు మూలకు పడ్డయి. ఈ వింత మీరందరు ఎరుగుదురు. కుర్చీలు తీసుకుంటరు. మన కుర్చీల కూసోవచ్చు, మన షామియానా నీడకు నిలబడొచ్చు. గంజుల వండుకుంటే మాత్రం మైల. కుర్చీకి లేని అంటు గంజుకు ఎట్ల వస్తదో ఏ శాస్త్రంల ఉన్నదో!

బాబాసాహెబ్‌కే తప్పలేదు. విదేశాల్లో చదువుకొని 1917లో తిరిగి వచ్చినంక, బరోడా కొలువు విడిచిపెట్టి బొంబాయిలో షేర్ల వ్యవహారాల్లో సలహాలిచ్చే చిన్న సంస్థ ఒకటి పెట్టుకున్నాడాయన. ఎవరి సలహా తీసుకుంటున్నమో తెలిసేదాకా గిరాకీలు వచ్చిండ్రు. తెలిసినంక రావుడు బందు చేసిండ్రు. సంస్థ మూతబడ్డది. ఆ తర్వాత 1918లో సిడెన్‌హాం కాలేజీల ప్రొఫెసర్‌గా చేరితే, అక్కడ తోటి ప్రొఫెసర్లల్ల కొందరికి ఆయన తమ కుండల నీళ్లు తాగుడు నచ్చలేదు. అంత చదువు, అంత తెలివి ఉన్న మనిషి వ్యాపారం మూతబడ్డది అసమర్థతతోని కాదు. మీ దుకాణం నడవనప్పుడు మీలోనే తప్పు వెతికే పెద్దమనుషులు వస్తరు, వాళ్లకు ఈ సంగతి చెప్పండి.

నేను చేసింది ఏందంటే, బోర్డు మార్చిన. బాబాసాహెబ్ ఫొటో లోపల పెట్టిన, రోడ్డు మీది నుంచి కనపడేటట్టు. గంజులు మన వాడల పెండ్లిళ్లకు, చర్చి పండుగలకు, దర్గా కందూర్లకు తిప్పిన. మిగతా ఊరికి కుర్చీలు, షామియానా, లైట్ల సీరియళ్లు పెంచిన. కుర్చీలు కడిగి, తుడిచి పంపిస్త. చెప్పిన యాళ్లకు ఒక గంట ముందే షామియానా నిలబెడత. కొందరు వచ్చిండ్రు. కొందరు ఇప్పటికీ రారు, కిలోమీటరు దూరం పోయి వేరేకాడ తెచ్చుకుంటరు. రానోన్ని తలుచుకొని కడుపు మండించుకుంటే వచ్చినోనికి మనం సరిగ చేయలేం. ఈ ఒక్కటి నేర్చుకోవడానికి నాకు మూడేండ్లు పట్టింది.

కుర్చీ కూలి కుర్చీకి ఇయ్యాలె

ఇగ లెక్క సంగతికి వస్త. ఇది కొంచెం నిదానంగ వినండి, నోటుబుక్కు ఉన్నోళ్లు రాసుకోండి.

ఇయ్యాల్టి ధరలతోని ఒక లెక్క అనుకుందాం. 200 కుర్చీలు, ఒక్కోటి 500 రూపాయలు. లక్ష పెట్టుబడి. కుర్చీ కిరాయి 6 రూపాయలు. ఏడాదికి ఒక్కో కుర్చీ 60 సార్లు బయటకు పోయిందనుకోండి. 72,000 రూపాయలు వచ్చినయి. ట్రాలీ ఆటోకు, మోసినోళ్ల కూలికి సగం పోతే 36,000 చేతిల మిగిలినయి. నేనేమనుకున్న? 36,000 ఫాయిదా అనుకున్న. ఇంటికి తెచ్చిన, తిన్నం, బండి కొన్న, చుట్టాల ముందర కొత్త చొక్కా వేసుకున్న.

నాలుగేండ్లకు కుర్చీల కాళ్లు ఇరిగినయి, నడుములు పగిలినయి. మళ్ల లక్ష కావాలె. ఎక్కడున్నది? తిన్నం గదా! ప్లాస్టిక్ కుర్చీ ఆయుష్షు నాలుగేండ్లు అనుకుంటే, ఏడాదికి 25,000 ఆ కుర్చీ సొంత పైసలు. అది దాని కూలి. 36,000ల నుంచి 25,000 తీస్తే నాకు మిగిలింది 11,000. నెలకు వెయ్యి గూడ కాదు. అండ్ల నేను పొద్దు మాపు చేసిన కష్టం లెక్క కట్టనేలేదు. అంటే నాలుగేండ్లు నేను ఫాయిదా తినలే, కుర్చీలు తిన్న. ఒక్కో కాలు ఇరుసుకొని తిన్న.

కుర్చీకే కాదు. ఆటో నడిపేటోనికి టైర్లు, ఇంజను ఉన్నయి. బర్రెలు పెట్టుకున్నోళ్లకు వట్టిపోయిన నెలలున్నయి. సెంట్రింగ్ సామాను పెట్టుకున్నోళ్లకు వంగిన రేకులు, పోయిన జాకీలు ఉన్నయి. ఏ పనిలనైనా కొంత మీది కాదు, సామానుది. ఈ మాట బ్యాంకోళ్లు 'తరుగుదల' అని ఇంకో భాషల చెప్తరు, మనకు ఎక్కదు.

ఇంకో సంగతి. మా పని పెండ్లిళ్ల మీద ఉంటది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వస్తే నిద్ర ఉండదు. మూఢం వచ్చినా ఆషాఢం వచ్చినా ఈగలు తోలుకోవాలె. వచ్చిన నెలల దొర లెక్క ఖర్చు పెడితే రాని నెలల కూలోని లెక్క అప్పుకు తిరగాలె. నేను అదే చేసిన. ఐదు రూపాయల మిత్తికి తెచ్చిన. మూఢం నెలల అప్పు వైశాఖంల కట్టుడు, మళ్ల ఆషాఢంల తెచ్చుడు.

దీన్ని సరిచేసింది నేను కాదు, మా ఆమె. ఆమె పొదుపు సంఘంల లెక్కలు రాస్తది. పదిమంది ఆడోళ్ల పైసలు, వారం వారం, రూపాయి తేడా రాదు. నా దుకాణం లెక్క మాత్రం ఆమెకు నేను ఎప్పుడూ చెప్పలే. ఎందుకు చెప్పాలె అనుకున్న. లెక్క చెప్పనోడే గదా యజమాని! ఒకసారి మిత్తి వ్యాపారి ఇంటి ముందరికి వచ్చి అరిచిపోయినంక ఆమె మూడు పుట్నాల డబ్బాలు తెచ్చి నా ముందర పెట్టింది. ఒకటి ఇంటిది, ఒకటి దుకాణానిది, ఒకటి సామానుది. 'నీకు గూడ నెలకు కూలి కట్టుకో, అందరి లెక్కనే. ఆ కూలి ఇంటి డబ్బాల వెయ్యి. మిగిలింది ముట్టకు' అన్నది. నాకు అవమానం అనిపించింది. నా దుకాణంల నేను కూలోన్నా? రెండు దినాలు మాట్లాడలే. తర్వాత ఆలోచిస్తే, కూలి అంటే నామోషీ అనిపిస్తున్నదంటే నేను ఎవని కండ్లతోని చూస్తున్నట్టు? కూలోళ్ల కడుపున పుట్టి!

డబ్బాలు పోయి ఇప్పుడు బ్యాంకు ఖాతాలు వచ్చినయి. పద్ధతి అదే. ఇంకొక మాట గూడ చెప్పాలె, బోర్డు మీద ఆమె పేరు లేదు. ఉండాలె. మొన్న మా బిడ్డ అడిగింది, నా దగ్గర జవాబు లేదు.

ఉద్దెర గురించి ఒక్క ముక్క. మన వ్యాపారాలను ముంచేది పరాయోడు ఒక్కడే కాదు, మనోడు గూడ. 'మనోనివే గదా అన్నా, మనకు గూడ కిరాయేనా?' అంటరు. కాదంటే 'నాలుగు పైసలు రాంగనే కులాన్ని మరిచిండు' అంటరు. ఆ మాట పడలేక నేను ఎన్ని పెండ్లిళ్లకు ఊరికే ఇచ్చిన్నో లెక్కలేదు. ఆఖరికి వాడకట్టు పెద్దలను కూసోబెట్టి చెప్పిన. చావుకు పైస తీసుకోను, షామియానా, కుర్చీలు ఊరికే వస్తయి, అర్ధరాత్రైనా సరే. పెండ్లికి మాత్రం సగం బయానా ముందే కట్టాలె, మిగతాది సామాను దించిన దినమే. మా బామ్మర్ది పెండ్లికి గూడ ఇదే. వాడు ఏడాది మాట్లాడలే. ఇప్పుడు మాట్లాడుతున్నడు.

అవ్వ అన్న మాట

ఇప్పుడు చెప్పేది చెప్పాల్నా వద్దా అని రాత్రి అంత ఆలోచించిన. చెప్పకుంటే ఈ తరగతికి వచ్చుడే దండగ.

2012 వైశాఖం. రెండు దినాలల్ల మూడు పెండ్లిళ్లు పట్టుకున్న. నా దగ్గర నలుగురు పనిచేస్తుండిరి. అందరు మన పిల్లలే. పైపులు నాటుడు, పరదాలు కట్టుడు, కుర్చీలు దించుడు, మళ్ల ఎక్కించుడు. ముప్ఫై ఆరు గంటలు వాళ్లకు నిద్ర లేదు. నేను బండి మీద తిరుగుకుంట 'అరేయ్ జల్ది జల్ది' అంటున్న. తెల్లారుజామున ట్రాలీ ఆటో మీద, కుర్చీల దొంతి పైన కూసున్న పిల్లగాడు కునికి కింద పడ్డడు. పంతొమ్మిదేండ్లుంటయి. చెయ్యి ఇరిగింది. దొంతి కూలి పదకొండు కుర్చీలు పలిగినయి.

దవాఖానకు తీసుకపోయిన, కట్టు కట్టిచ్చిన. సగం ఖర్చు పెట్టిన. వారం తర్వాత లెక్క చూసేటప్పుడు పదకొండు కుర్చీల పైసలు వాని కూలిల కోసిన. వాని తల్లి మా ఇంటికి వచ్చి అడిగితే 'పనిమీద నిద్రపోతే నేనేం చేస్త?' అన్న. మా అవ్వ అరుగు మీద కూసోని బీడీలు చుడుతున్నది. ఆమె వెళ్లిపోయినంక మా అవ్వ తల ఎత్తకుండనే అన్నది: 'మీ బాపు గుంటుక తోలంగ కాలు ఇరిగిననాడు దొర గూడ గిదే మాట అన్నడు, నిద్రపోయిండని.'

అంతే అన్నది. మళ్ల ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలే. మా బాపు సచ్చేదాకా కుంటినడక నడిచిండు. ఆ నడక చూసుకుంటనే నేను సంఘంలకు వచ్చిన. సభల్లో దొరల దౌర్జన్యం గురించి నేను చెప్పిన ప్రతి ఉపన్యాసంల మా బాపు కాలు ఉన్నది. ఆ కాలు పట్టుకొని పైకి వచ్చిన నేను ఇంకో తల్లి కొడుకు చెయ్యి ఇరగ్గొట్టి కూలి కోసిన.

పైసలు తెల్లారే తీసుకపోయి ఇచ్చిన. దవాఖాన సగం గూడ ఇచ్చిన. ఆ పిల్లగాడు మళ్ల పనికి రాలే. ఇచ్చినంత మాత్రాన తీరలే, తీరిందని నేను చెప్పను.

జోతిబా ఫూలే పేరు మనం రోజూ తలుస్తం. ఆయన బడులు పెట్టిన సంగతి తెలుసు, 'గులాంగిరీ' రాసిన సంగతి తెలుసు. ఆయన వ్యాపారం చేసిండని ఎంతమందికి తెలుసు? పూణె దగ్గర ఖడక్‌వాస్లా డ్యాం కట్టేటప్పుడు సామాను సప్లయి చేసిన కాంట్రాక్టరు ఆయన. ఎవుసం చేసిండు, కూరగాయల వ్యాపారం చేసిండు. ఆ రాబడి ఉద్యమానికి ఆసరా అయింది. ఆయన సత్యశోధక్ సమాజంల మనిషి నారాయణ్ మేఘాజీ లోఖండే బొంబాయి మిల్లు కార్మికులను కూడగట్టి, 1890లో వాళ్లకు ఆదివారం సెలవు సాధించిండు. మనకు ఇయ్యాల పుణ్యానికి వచ్చినట్టు కనపడే ఆదివారం అది. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్‌ల కార్మిక శాఖ చూసినప్పుడు ఫ్యాక్టరీలల్ల పని గంటలు వారానికి 54 నుంచి 48కి తగ్గిస్తూ చట్టం సవరణ అయింది. ఆయన ఫొటో నా దుకాణంల రోడ్డుకు కనపడేటట్టు ఉన్నది. ఆ ఫొటో కింద ముప్ఫై ఆరు గంటల పని! ఫొటో మార్చుడు అల్కగ అయింది. మనిషి మారుడు కాలే.

ఎట్ల మారిన అంటే, ఒక్క దినంల మారలే. మొదలు నోరు మార్చుకున్న. 'అరేయ్' బందు. వాళ్లకు పేర్లున్నయి. చెప్పడానికి ఇది చిన్నగ ఉంటది, చేసి చూడండి. కోపం వచ్చిన యాళ్ల నోట్లకు పాత మాటే వస్తది. తర్వాత అమాస దినం పని బందు పెట్టి అందరం కూసునుడు మొదలుపెట్టినం. అమాస నాడు మాకు ఎట్లాగు గిరాకీ ఉండదు. ఆ దినం మా ఆమె లెక్క పుస్తకం తెచ్చి చదువుతది. ఎంత వచ్చింది, ఎంత పోయింది, బ్యాంకుకు ఎంత, నా కూలి ఎంత, అందరికీ తెలిసేటట్టు. మొదటిసారి నాకు చెమటలు పట్టినయి, బట్టలిప్పినట్టు అనిపించింది. పనోళ్లకు లెక్క తెలిస్తే కూలి ఎక్కువ అడుగుతరని భయం. అడిగిండ్రు గూడ. ఇయ్యగలిగినంత పెంచినం. ఇయ్యలేని నెల లెక్క చూపిస్తే ఒప్పుకున్నరు. చీకట్ల పెట్టినప్పుడు ఎవడూ నమ్మలే.

రెండో అమాసకు ఒకాయన, మాకంటే వయసుల పెద్ద, లేసి అన్నడు: 'నువ్వు తిట్టుడు తిట్టు గని గిరాకీ ముందర తిట్టకు. రేపు ఆ ఇంటికి సామానుకు పోతే వాళ్లు గూడ మమ్మల్ని నీ లెక్కనే తిడుతున్నరు.' నాకు ఎప్పుడన్న తట్టిందా ఇది? మన మనుషులకు బయట ఎంత మర్యాద ఉంటదో మనం ఇచ్చే మర్యాదతోనే మొదలైతది. ఇంకో పిల్లగాడు కరెంటు తీగెల కింద పైపులు లేపుడు ఎంత ప్రమాదమో చెప్పిండు. అప్పటి నుంచి జాగ చూసి రానిదే పని ఒప్పుకోం. ఆ జాగ చూసి వచ్చేది నేను కాదు, వాడే. వద్దన్నడా, లక్ష రూపాయల గిరాకీ అయినా వద్దే. ఇట్ల వదులుకున్నయి ఉన్నయి, బాధ అయితది. నాయకత్వం అంటే ముందర నడుసుడు అని అందరు చెప్తరు. నాకైతే తాళం చెయ్యి ఇంకొకరి చేతిల పెట్టి ఇంటికాడ నిద్రపోవుడు నేర్చుకునుడే కష్టమైంది.

ఒకడు పని నేర్చుకున్నడు, పక్క మండలంల సొంతంగ టెంట్‌హౌస్ పెట్టిండు. నాకు చెప్పకుండనే. కడుపు మండింది. 'నేను పెంచిన, నా అన్నం తిన్నడు' అని నోటిదాకా వచ్చింది. నా అన్నం వాడు ఎప్పుడు తిన్నడు? వాని కష్టం వాడు తిన్నడు. 'నా అన్నం తిన్నడు' అనేది గూడ గడి మాటే. ఆర్నెల్లు పట్టింది నాకు పోయి కలువనీకి. ఇప్పుడు లగ్గాలు ఎక్కువున్న దినాలు నా దగ్గర చాలకపోతే వాని కుర్చీలు, వాని దగ్గర చాలకపోతే నావి. ఇద్దరం కలిసి ఒకటే షాపుల కొంటే కుర్చీకి కొంత తగ్గుతున్నది. మా మధ్యల పేచీలు లేవని కాదు. మొన్న శ్రావణంల గూడ రేటు కాడ పంచాయితీ అయింది.

2020 మార్చిల లాక్‌డౌన్ పెట్టిండ్రు. సరిగ్గా పెండ్లిళ్ల యాళ్లకు. తర్వాత పెండ్లికి యాభై మందే అన్నరు. యాభై మందికి షామియానా ఎందుకు? ఒప్పుకున్న పెండ్లిళ్లన్నీ పోయినయి, బయానాలు వాపసు ఇచ్చిన. సామాను డబ్బాల పైసలు అప్పుడు పనికొచ్చినయి. అమాస దినం లెక్కే, మామూలుగ కూసున్నం. డబ్బాల ఉన్నదెంతో చదివినం. బ్యాంకు కిస్తీలకు, మడిగె కిరాయికి కొంత పక్కకు పెట్టి మిగిలింది ఆరుగురం సమానంగ పంచుకున్నం. ఎవరి దారి వాళ్లు ఉపాధిహామీ పనికి పోయినం, నేను గూడ పోయిన. ఇగ తేరుకుంటం అనంగ 2021 ఎండకాలం మళ్ల అదే కత. జనరేటర్ అమ్మిన. షామియానా ఒకటి ఎలుకలు కొట్టినయి. మళ్ల మొదలుపెట్టిననాడు ఐదుగురిల నలుగురు ఫోన్ చేయంగనే వచ్చిండ్రు. ఒకాయన రాలే, పట్నంల వాచ్‌మన్ పని దొరికింది, మంచిదే. ఆ వచ్చిన నలుగురు మొదటి నెల కూలి తర్వాత తీసుకుంటమన్నరు. లెక్క పుస్తకం వాళ్లకు తెలుసు గనుక అన్నరు. నా మొఖం చూసి కాదు.

ఇగ ఒక హెచ్చరిక. ఈ ముచ్చట విని ఎవరైనా, 'చూసిండ్రా, దళితులు తమను తాము మార్చుకుంటే చాలు, అన్నీ అవే వస్తయి' అంటే ఒప్పుకోకండి. 2021లో దళితబంధు కింద కుటుంబానికి పది లక్షలు ఇచ్చిననాడు ఊరి అరుగుల మీద ఏమన్నరు? 'వీళ్లకిస్తే అమ్ముకొని తాగుతరు' అన్నరు. తరతరాలు భూమిలేదు, మిత్తిలేని పైస చేతికి రాలేదు, బజార్ల మడిగె కిరాయికియ్యరు, గంజు ముట్టరు. ఒక్కనాడు పది లక్షలిచ్చి, తెల్లారే షావుకారు కొడుకుతోని పరుగు పెట్టమంటరు. పడిపోతే కులానికే తెలివి లేదంటరు. వాళ్ల కొడుకులు అప్పులు ఎగబెట్టి దుకాణాలు మూసుకుంటే 'టైం బాలేదు' అంటరు. మన సామాను అమ్మినోళ్లు ఉన్నరు, నేనెరుగుదు. బిడ్డ పెండ్లికి అమ్మినోళ్లు, దవాఖానకు అమ్మినోళ్లు, తాగి అమ్మినోళ్లు గూడ. మూడూ ఒక్కటి కాదు.

భూమి అడుగుడు ఆపొద్దు, కార్పొరేషన్ నిధులు పక్కదారి పడితే నిలదీసుడు ఆపొద్దు. కేంద్ర ప్రభుత్వ సంస్థలు తాము కొనేదాంట్ల 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న సంస్థల నుంచి కొనాలని 2012లో ఆదేశం ఇచ్చిండ్రు. అది ఎంత అమలైతున్నదో అడిగేటోళ్లు కావాలె. ఆ అడిగేటోడు తన దుకాణంల పనోని కూలి కోసేటోడు అయితే మాత్రం, వాని వెనుక ఎవడు నడుస్తడు? నేను కూలి కోసిన ఏడాది మా ఊరి నుంచి సభకు ఆటో నిండలే. అప్పుడు నాకు అర్థం కాలే.

ఇగ అన్నం యాళ్లయింది, ఆపుత. రెండు పనులు చెప్పి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ లేనోళ్లు మధ్యాహ్నం ఆధార్, ఫోను పట్టుకొని ఈ మూలకున్న తమ్మున్ని కలవండి. అది సర్కారు వెబ్‌సైట్‌ల పూర్తిగ ఉచితం, బయట ఎవడన్న వెయ్యి, రెండువేలు అడిగితే ఇయ్యకండి. రెండోది, రేపు పొద్దున వచ్చేటప్పుడు అందరు తమ లెక్క నోటుబుక్కులు తేండి. నోటుబుక్కు లేనోళ్లు పోయిన నెల ఎంత వచ్చింది, ఎంత పోయింది గుర్తున్నంత కాగితం మీద రాసుకొని రాండి. పెండ్లయినోళ్లు మీ ఆమెను గూడ తోలుకొని రాండి. కాగితం రాసేముందు ఆమెను ఒకసారి అడగండి, నా లెక్క చానా తేలుతది.

జై భీమ్.